నా పేరు విన్నవాడు

నా భార్య ఆఖరి మాట నా పేరు. అది వినవలసినవాణ్ణి నేను. విన్నవాడు హోల్కం. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

హోల్కం అమెరికావాడు. అక్కడ తొమ్మిదేళ్ళు జీతం తీసుకుని బంతి విసిరాడు. బేస్‌బాల్ అనే ఆట. మైదానం మధ్యలో ఒక మట్టి దిబ్బ ఉంటుంది. దాని మీద నిలబడి ఒకడు బంతి విసురుతాడు, ఎదురుగా ఇంకొకడు కర్రతో కొడతాడు. విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. హోల్కం భుజం పాడైంది, ఆట పోయింది. అప్పటినుంచి టీవీలో కూర్చుని ఆట గురించి మాట్లాడతాడు. దుబాయ్‌లో ఒక ఛానల్ వాళ్ళు పిలిస్తే 2019లో ఇక్కడికి వచ్చాడు. చేత్తో చేసే పని పోయినా నోటితో బతికాడు. చెయ్యి విరిగిన కూలివాళ్ళను చాలామందిని చూశాను. ఎవరికీ అలాంటి రెండో బతుకు దొరకలేదు.

నా భార్య వీరదుర్గ వాడి ఇంట్లో నాలుగేళ్ళు వంట చేసింది.

మాది ఆలమూరు దగ్గర పల్లె. మా ఊరి బడిలో ఏడో తరగతి వరకు చదివాను. తర్వాత ఇటుకల బట్టీలో మట్టి తొక్కాను. మాకు పిల్లలు కలగలేదు. 2009లో నేను దుబాయ్ వచ్చి తోటపని కంపెనీలో చేరాను. పదేళ్ళ తర్వాత ఆమె కూడా వచ్చింది. నేను అల్ కుసైస్ కూలీల క్యాంపులో, ఆమె వాడి విల్లాలో. వారానికి ఒక పూట కలిసేవాళ్ళం. క్యాంపు పక్కన సూపర్‌మార్కెట్ బయట ఒక సిమెంటు బల్ల ఉంది. దాని మీద కూర్చుని ఆమె తెచ్చిన డబ్బా తినేవాణ్ణి. నాలుగు గంటలు మా కాపురం. అందులో రెండు గంటలు వాడి కబుర్లు.

"సారు ఇవాళ పొద్దున్నుంచీ ఒకే పేరు నలభైసార్లు అన్నారండి. జపాన్ ఆటగాడి పేరంట."

"ఎందుకు?"

"టీవీలో తప్పు రాకూడదంట. ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేస్తారు. మీ అమ్మ నిన్ను ఎలా పిలుస్తుందో అలా పిలిచి వినిపించు అంటారు. అది విని అచ్చం అలాగే పలుకుతారు. ఒక్కసారి వింటే చాలండి ఆయనకి. ఇక మరోలా పలకరు."

"వాడికి పనేం లేదా?"

"అదే ఆయన పనండి," అని నవ్వింది. "నన్ను కూడా అడిగారు, మీ అమ్మ నిన్నెలా పిలిచేదని. పిలిచి చూపించాను. అప్పటినుంచి వీరదుర్గా అని అచ్చం మా అమ్మలాగే పిలుస్తారు. ఒక్కోసారి వంటింట్లో ఉలిక్కిపడతాను."

నేను ఆమెను ఏమే అని పిలిచేవాణ్ణి. కోపంగా ఉంటే అదీ ఉండేది కాదు.

ఇంకో వారం భుజం సంగతి వచ్చింది.

"రాత్రి నెప్పి ఎక్కువైందండి సారికి. వేడినీళ్ళ సంచి నింపి ఇచ్చాను."

"నువ్వు కాపడం పెట్టావా?"

"సంచి ఇచ్చానండి. పెట్టుకోడానికి ఆయనకి ఇంకో చెయ్యి ఉంది కదా."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. డబ్బాలో గుత్తివంకాయ ఉంది. మూత పెట్టి తిరిగి ఇచ్చేశాను. ఆమె బస్సు ఎక్కేదాకా ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాడి ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసిందో నేను అడగలేదు. వాడు తినే ఉంటాడు.

వాడి భార్య ఆర్నెల్లు అమెరికాలో, ఆర్నెల్లు ఇక్కడ. ఆవిడ లేని ఆర్నెల్లూ ఆ ఇంట్లో వీరదుర్గ మాట వినేవాడు వాడొక్కడే. ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకునేవాళ్ళో నాకు తెలియదు. ఆమెకు వచ్చింది కొంచెం హిందీ, ఇంకా కొంచెం ఇంగ్లీషు. అయినా వాడి దగ్గర ఆమె చెప్పినన్ని మాటలు నా దగ్గర ఎప్పుడూ చెప్పలేదు. తప్పు జరిగిందని నేను అనడం లేదు. ఆమె అలాంటిది కాదు, వాడూ కాదు. నా కడుపు మండడానికి అంత అవసరం లేదు.

"ఒక్కసారి లోపలికి వచ్చి సారికి కనపడండి," అని నెలకోసారి అడిగేది. "మీ ఆయన పేరేంటి అని అడుగుతున్నారు."

"చెప్పావా?"

"నేనెలా చెప్తానండీ?" అని వింతగా చూసింది. "మీరే వచ్చి చెప్పండి. ఎప్పుడైనా నన్ను దింపడానికి గేటు దాకా వస్తారు కదా. ఇంకో పదడుగులు."

ఆ పదడుగులు నేను వెయ్యలేదు. నాలుగేళ్ళూ గేటు దగ్గరే ఆగాను.

మా వైపు ఆడవాళ్ళు పెనిమిటి పేరు పలకరు. మా తరంలో సగంమంది ఆ పద్ధతి వదిలేశారు. మా ఇంట్లో వదల్లేదు. వదలనివ్వనిది నేను.

పెళ్ళయిన మూడో నెల. బట్టీకి నాకు క్యారేజీ తెచ్చేది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఆ రోజు తోడుగా మా చెల్లెలు ప్రేమ వచ్చింది. దారిలో పందెం వేసిందట, మొగుణ్ణి పేరు పెట్టి పిలు చూద్దాం అని. వీరదుర్గ గట్టు మీద నిలబడి, క్యారేజీ పైకెత్తి పిలిచింది.

"అప్పా...జీ."

అప్పా దగ్గర సాగదీసింది. జీ దగ్గర గొంతు పైకి లేపింది. చివర చిన్న నవ్వు. బట్టీలో ఇరవైమంది ఉన్నారు. అందరూ నవ్వారు. నేను మట్టికాళ్ళతో గట్టెక్కి ఆమె చెంప మీద కొట్టాను. పదకొండు రోజులు మాట్లాడలేదు.

ఆమె మళ్ళీ నా పేరు ఎత్తలేదు. మా వీధిలో ఇంకో అప్పాజీ ఉండేవాడు. అతన్ని కూడా "ఆ పేరాయన" అనేది. నేను చేసింది తప్పంటారేమో. అనండి. ఆ రోజుల్లో అందరూ చేసేదే చేశాను.

ఆమెకు పాస్‌పోర్టు తీయించినప్పుడు నేను ఇక్కడ ఉన్నాను. విశాఖలో గుమాస్తా భర్త పేరు అడిగాడు. ఆమె తల దించుకుంది. మళ్ళీ అడిగాడు. వెనక క్యూ కదలడం లేదు. పక్కనున్న ఏజెంటు, తండ్రి పేరు చాల్లెమ్మని ఆ గడి ఖాళీగా వదిలేయించాడు. రాత్రి ఫోన్‌లో చెప్పి ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. మర్యాద తెలిసిన ఆడదని నలుగురికీ చెప్పుకున్నాను.

వాడి ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉండేదట. దాని మీద నా ఫోన్ నంబరు, నా కంపెనీ పేరు. మనిషి పేరు ఉండాల్సిన చోట "వీరదుర్గ హస్బెండ్" అని రాసి ఉండేదట.

2024 జనవరిలో ఒక గురువారం, పొద్దున తొమ్మిదింటికి, ఆమె వంటింట్లో పడిపోయింది. తలలో నరం చిట్లింది. హోల్కం కారులో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నా ఫోన్‌కి పదిహేడుసార్లు చేశాడు. నేను ఆ రోజు అల్ వర్సాన్‌లో ఒక గోడౌన్ చుట్టూ చెట్లు నాటుతున్నాను. పని జరిగేటప్పుడు ఫోన్లు బస్సులో సంచుల్లో ఉండాలి. అది మా రూలు.

వాడు కంపెనీకి ఫోన్ చేశాడు. కంపెనీలో తొమ్మిదివందలమందిమి. పేరేంటి అని అడిగారు. వీరదుర్గ భర్త అన్నాడు. ఆఫీసు లిస్టులో పెళ్ళాల పేర్లు ఉండవు. ఫోన్ నంబరు చెప్పాడు. అది కొత్త సిమ్, వాళ్ళ దగ్గర ఎక్కలేదు. మనిషిని పంపి ఇంట్లోంచి ఆమె పాస్‌పోర్టు తెప్పించాడు. భర్త పేరు గడి ఖాళీ.

తర్వాత జరిగింది నాకు ఫర్జానా చెప్పింది. ఆమె ఆ ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే మనిషి, కడప జిల్లా. తెలుగు వచ్చినవాళ్ళు ఎవరని వెతికితే ఆమె దొరికింది.

"పదకొండుకు నన్ను పిలుచుకోని పోయినారన్నా. అక్కకు తెలివుంది. 'అక్కా, నీ మొగుని పేరు చెప్పు, పిలిపిస్తారు' అని అడిగినా. తల అడ్డం ఊపింది. నల్లపూసలు పట్టుకోని చూపిచ్చింది. 'నేను చెప్పకూడదమ్మా, ఆయనకి కోపం' అనింది. ఎంత బతిమాలినా చెప్పలా. నాకు వార్డులో పనుంటే పోయినా. ఆ సారు మాత్రం కుర్చీ ఏసుకోని ఆడనే కూర్చున్న్యాడు. ఒంటిగంటన్నరకు బయటికి ఉరికొచ్చి ఫోన్‌లో నీ పేరు చెప్పినాడు. అక్క మళ్ళ మాట్లాడలేదన్నా."

పేరు తెలిశాక ఆఫీసు నన్ను పది నిమిషాల్లో పట్టుకుంది. కంపెనీ బండి దొరకడానికి గంట పట్టి, రోడ్డు మీద ట్రాఫిక్ దాటి నేను చేరేసరికి మూడూ నలభై. ఆమె మూడూ ఇరవైకి పోయింది.

హోల్కం వరండాలో నిలబడి ఉన్నాడు. ఆరడుగుల పైన మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డాయి. నా పెళ్ళాం కోసం నాకంటే ముందు వాడు ఏడ్చాడు. చెయ్యి చాపాడు. నేను పట్టుకోలేదు.

ఆమె ఉన్న పెట్టెతో ఊరు వెళ్ళాను. పదకొండో రోజు కాగానే తిరిగి వచ్చాను. ఆ పదకొండు రోజులూ ప్రేమ నా ఎదుట పడలేదు. ఆమెకూ బట్టీ గుర్తుందని నాకు తెలుసు.

ఇక్కడికి వచ్చాక ఒకటే ప్రశ్న నన్ను తిన్నది. ఆమె నా పేరు ఎలా అంది? ఎవరో అడిగితే చెప్పినట్టు చెప్పిందా, నన్ను పిలిచిందా? రెండూ ఒకటి కావు. చెప్పినదైతే అది హోల్కం అడిగినదానికి జవాబు, వాడిది. పిలిచినదైతే నాది. తెలిసినవాడు వాడొక్కడే. వెళ్ళి అడగడం నా వల్ల కాదు.

సాయంత్రాలు క్యాంపులో మంగరాజు ఫోన్ తీసుకుని ఆ ఆట చూడడం మొదలుపెట్టాను. మంగరాజు మా గదివాడు, మండపేట మనిషి, నాతో బాబాయ్ వరస కలిపాడు.

"నీకేం అర్థమవుద్దని చూత్తన్నావు బాబాయ్? ఒకడు ఇసురుతాడు, ఒకడు కొట్టలేడు. మూడు గంటలు అదే."

"నోరు మూసుకో."

"మూసుకుంటాలే. చార్జింగు పెట్టి ఇయ్యి."

నేను ఆట చూడలేదు. హోల్కం పేర్లు పలకడం విన్నాను. జపాన్ పేర్లు, లాహోర్ పేర్లు, మా పక్క గది పంజాబీవాడి పేరులాంటి పేర్లు. ఏ పేరూ అమెరికావాడు పలికినట్టు లేదు. ఒక్కొక్కటి ఏదో ఇంట్లోంచి ఎవరో పిలిచినట్టుంది. అలా పలకగలిగినవాడి చెవిలో నా పేరు ఉంది. ఆ సంగతి తలుచుకుంటే అన్నం దిగేది కాదు. అయినా మర్నాడు మళ్ళీ ఫోన్ అడిగేవాణ్ణి.

2025లో ఎండలు తగ్గాక ఆ ఆట కోసం ఒక మైదానం తయారుచేస్తున్నారు. గడ్డి పని మా కంపెనీకి వచ్చింది. మా ఫోర్‌మన్ జిలానీ బాషాది నెల్లూరు జిల్లా. ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ మూడూ మాట్లాడతాడు.

"అన్నా, దిబ్బ కట్టేదానికి మట్టి తెలిసినోడు కావాలంట. ముదీర్ అడిగితే నీ పేరు చెప్పినా. యల్లా, పద." ముదీర్ అంటే ఇక్కడ మేనేజరు.

దిబ్బ పది అంగుళాల ఎత్తు. పైన తెల్లటి రబ్బరు పలక పాతుతారు. అక్కడినుంచి ముందుకి అడుగుకి అంగుళం చొప్పున వాలు. పిచ్చర్ ఒక కాలు పలకకి ఆనించి, రెండో కాలు వాలులో వేసి విసురుతాడు. మనిషి బరువంతా ఆ రెండో కాలు మీద పడుతుంది. అది పడే చోటు ఇనుములా ఉండాలి. బంకమన్ను పొరలుగా వేసి, తడిపి, ఒక్కొక్క పొరనీ దిమ్మిసతో కొట్టాలి. తడి ఎక్కువైతే జారుతుంది, తక్కువైతే పెళ్ళలుగా లేస్తుంది. నాకు కొత్త పని కాదు. దిమ్మిస కూడా నేనే చేయించుకున్నాను, ఇనుప పలకకి కర్ర పిడి వేయించి.

పని చూడడానికి ఛానల్ నుంచి ఒక పాత పిచ్చర్ వస్తాడన్నారు. వచ్చినవాడు హోల్కం.

నన్ను చూసి ఆగిపోయాడు. రెండడుగులు వేసి నోరు తెరిచాడు. నా పేరు రాబోతోందని తెలిసింది.

"జిలానీ, నా పేరు వాడి నోట రాకూడదని చెప్పు."

"అదేందన్నా? పేరు పెట్టి పిలిస్తే అరిగిపోతావా?"

"చెప్పు."

జిలానీ మెత్తగా ఏదో చెప్పాడు. హోల్కం నోరు మూసుకుని తల ఊపాడు. ఆ తర్వాత నెలన్నర నన్ను సర్ అన్నాడు.

"నిన్ను సర్ అంటుండాడు, నన్ను జిలానీ అంటుండాడు," అని జిలానీ నవ్వేవాడు. "ఫోర్‌మన్ ఎవురో ఆయనకు తెలవదల్లే ఉంది."

వారానికి రెండుసార్లు వచ్చేవాడు. మంచి ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చుని మట్టిని బొటనవేలితో నొక్కేవాడు. తడి ఎంత ఉందో సరిగ్గా చెప్పేవాడు. ఒక రోజు నేను రెండో పొర తక్కువ కొట్టాను. పైన ఇంకో రెండు పొరలు వేశాక కూడా బూటు ఆనించి కనిపెట్టాడు. మట్టి ఒక్కటైనా నాకు మిగిలిందనుకున్నాను. అదీ వాడికి తెలుసు.

ఒక మధ్యాహ్నం జిలానీని పక్కకి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. జిలానీ నా దగ్గరికి వచ్చాడు.

"మీ ఆవిడ గురించి ఒక మాట చెప్పాలంటుండాడు."

"నాకు పనుంది."

"రెండేళ్ళుగా మోస్తుండాడంట అన్నా. నువ్వు ఊ అంటే చెప్పి పోతాడు."

"మొయ్యనీ."

ఊ అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఆ మాట నాకు వాడు దానం చెయ్యడం, నేను చెయ్యి చాపి తీసుకోవడం, అది తలుచుకుని దిమ్మిస ఎత్తాను.

జిలానీ దిమ్మిస వైపు చూశాడు. "గుండెకాయ కాడ దేవుడు నీకు ఆ ఇనపముక్క పెట్టినాడన్నా," అని వెళ్ళిపోయాడు.

నవంబరులో మొదటి ఆట. ఆట మొదలయ్యేముందు గౌరవంగా ఒకరిచేత ఒక బంతి విసిరించడం వాళ్ళ ఆనవాయితీ. ఆ బంతి హోల్కం విసురుతాడన్నారు. ఆట మానేసిన పదిహేనేళ్ళకి దిబ్బ ఎక్కుతున్నాడని ఛానల్‌లో వారం రోజులు అదే చూపించారు. మా క్యాంపులో కూడా అందరూ ఫోన్లలో చూస్తామన్నారు, నేను కట్టిన దిబ్బ కనపడుతుందని.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి దిబ్బ మీద నేనొక్కణ్ణే ఉన్నాను. రెండో కాలు పడే చోట మట్టి తవ్వాను. నీళ్ళు పోసి గుజ్జు చేశాను. పైన పొడిమట్టి చల్లి గోనెతో సాపు చేశాను. పైకి ఏమీ తెలియదు. వాడు విసిరినప్పుడు కాలు జారుతుంది. ముఖం మీద పడతాడు, లేకపోతే ఆ భుజం మీదే పడతాడు. అన్ని పేర్లు సరిగ్గా పలికి ఇంతమంది మెప్పు పొందిన నోట్లోకి నా మట్టి పోతుంది. అసలు ఆటగాడు దిబ్బ ఎక్కేలోపు ఐదు నిమిషాల్లో బాగుచేసేస్తాను. అలా అనుకున్నాను. ముప్పై ఏళ్ళలో మట్టి పనిలో నేను చేసిన మోసం అదొక్కటే.

నాలుగున్నరకి హోల్కం వచ్చాడు. చొక్కాకి చిన్న మైకు. జనం లేచి చప్పట్లు కొట్టారు. నేను మైదానం గీత అవతల దిమ్మిస పట్టుకుని నిలబడ్డాను. పక్కన జిలానీ, వాడి కాళ్ళ దగ్గర పొడి బంకమన్ను బకెట్టు.

వాడు దిబ్బ ఎక్కాడు. పలకకి కాలు ఆనించాడు. భుజం ఒకసారి తిప్పుకున్నాడు. తర్వాత, పడే చోటు ఎలా ఉందో చూడడానికి రెండో కాలు ముందుకు చాపి బూటు కొసతో తట్టాడు. ఆగాడు. మళ్ళీ తట్టాడు. బూటు సగం దిగబడింది.

తల ఎత్తి నేరుగా నా వైపు చూశాడు. తెలిసిపోయింది.

వేలెత్తి చూపిస్తాడనుకున్నాను. ఉద్యోగం పోతుంది, వారంలో ఊరికి పంపేస్తారు. సిద్ధంగానే ఉన్నాను. జనం చప్పట్లు ఆపేశారు. ఏం జరిగిందా అని చూస్తున్నారు.

వాడు బంతి ఉన్న చెయ్యి పైకెత్తి పిలిచాడు.

"అప్పా...జీ."

అప్పా దగ్గర సాగింది. జీ దగ్గర పైకి లేచింది. చివర చిన్న నవ్వు.

మగ గొంతు, అమెరికా గొంతు. అయినా ఆ పిలుపు నాకు తెలుసు. బట్టీ గట్టు, పైకెత్తిన క్యారేజీ. ఆ పిలుపు విన్నవాళ్ళు లోకంలో ఇరవైమంది. వాళ్ళలో హోల్కం లేడు. వాడికి అది ఒక్కచోటే దొరుకుతుంది.

ఆమె జవాబు చెప్పలేదు. పిలిచింది. నేను కొట్టి నోరు మూయించిన పిలుపును ఇరవై ఎనిమిదేళ్ళు లోపల దాచుకుని, అక్షరం మారకుండా పిలిచింది.

నా కాళ్ళు నడిచాయి. నేను నడవమనలేదు. అన్నానికి పిలిస్తే వెళ్ళినట్టు వెళ్ళాను.

దిబ్బ మీద మోకాళ్ళేసి బురద చేతులతో తోడాను. జిలానీ బకెట్టు తెచ్చి పెట్టాడు. పొడి బంకమన్ను వేసి దిమ్మిసతో కొట్టాను, మళ్ళీ వేశాను, మళ్ళీ కొట్టాను. వేలమంది చూస్తున్నారు. హోల్కం మైకులో ఏదో అన్నాడు. జనం నవ్వి చప్పట్లు కొట్టారు. నేను తల ఎత్తలేదు. వాడి బూటుకి అంటిన నా బురద కనిపించింది. తుడవలేదు.

తర్వాత వాడు బంతి విసిరాడు. అది సగం దూరంలోనే నేలమీద పడి దొర్లింది. భుజం పట్టుకుని నవ్వాడు. జనం దానికీ చప్పట్లు కొట్టారు.

గీత ఇవతలికి వచ్చాక జిలానీ అడిగాడు. "మైకులో ఏమన్నాడో తెలుసునా? 'ఈ దిబ్బ కట్టిన ఉస్తాద్ ఒకసారి చూసి సరే అంటే గానీ నేను విసరను' అన్నాడు. ఊరందరూ వినేట్టు నీ పేరు చెప్పినాడు." నా చేతుల వైపు చూశాడు. "అంత బురద ఏందన్నా?"

"తడి ఎక్కువైంది."

"నీ చేతిలోనా?"

నేను దిమ్మిసకి అంటిన మట్టి గీకాను. వాడు మళ్ళీ అడగలేదు.

హోల్కం టీవీ గదిలోకి ఎక్కేముందు మా పనిముట్ల షెడ్డు దగ్గరికి వచ్చాడు. కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకున్నాడు. జిలానీతో చిన్నగా మాట్లాడాడు. నాతో ఆ బురద గురించి ఒక్క మాట అనలేదు.

"పేరు పిలిచినందుకు ఏమీ అనుకోబాకు అంటుండాడు," అన్నాడు జిలానీ. "ఆయనకు ఆ పేరు ఇంకోరకంగా పలికేది రాదంట. మీ ఆవిడ అట్టనే పిలిచిందంట. ఈయన వైపు చూసి కాదంట, తలుపు వైపు చూసి. నువ్వు ఆడ నిలబడి ఉన్నట్టు."

హోల్కం మళ్ళీ చెయ్యి చాపాడు, నొప్పి ఉన్న చెయ్యే. నా చేతులు మట్టిగా ఉన్నాయి. అవి బాగున్నా పట్టుకునేవాణ్ణి కాదు.

"విన్నానని చెప్పు," అన్నాను.

"ఇంకేం చెప్పమంటావు?"

"ఖలాస్. ఇంకేం లేదు."

వాడు తల ఊపి వెళ్ళిపోయాడు.

క్యాంపుకి చేరేసరికి అందరి ఫోన్లలో అదే వీడియో. మంగరాజు కంచం ముందు కూర్చుని, "అప్పా...జీ, చారు పొయ్యవా," అన్నాడు. గదిలో నవ్వారు. రెండోసారి అన్నాడు. నేను వెళ్ళి కంచం తీసి పక్కన పెట్టాను.

"ఏంటి బాబాయ్? నువ్వు టీవీలో పడ్డావని సంతోషంతో అన్నాను."

"ఇంకోసారి అలా పిలిస్తే ఈ గదిలో నువ్వుండవు, నేనైనా ఉండను."

నా ముఖం చూసి మానేశాడు. మిగతావాళ్ళు కూడా మానేశారు. గుమ్మంలో నిలబడ్డ పక్క గది పంజాబీవాడు ఫోన్ మూసేశాడు. వీడియో పంపనా అని మంగరాజు మర్నాడు మెల్లగా అడిగాడు. అక్కర్లేదన్నాను.

హోల్కంని నేను క్షమించలేదు. నన్ను పట్టివ్వనందుకు మరీ క్షమించను. నా భార్య పిలుపు రెండేళ్ళు వాడి దగ్గర ఉంది. ఇంకా ఉంది. కావాలంటే రేపు మళ్ళీ అలాగే పిలవగలడు. ఆ పిలుపు నా కోసమే అయినా, నేను పలకలేను. ఆమె పేరు కూడా వాడే సరిగ్గా పిలిచాడు.

దిబ్బ పని నాదే. రోజూ తడిపి కొడుతున్నాను, ఇనుములా ఉంది. ఎవరి కాలూ జారదు.

నిన్న ప్రేమ ఊరినుంచి ఫోన్ చేసింది. వీడియో చూసిందట. ముందు ఊళ్ళో సంగతులు చెప్పింది. తర్వాత, "అన్నయ్యా, ఆ పిలుపు..." అంది. నేను ఫోన్ పెట్టేశాను. ఆమెతో మాట్లాడలేదు. ఎవరితోనూ మాట్లాడను. జరిగింది ఒకసారి రాశాను. దీని గురించి ఇక నా నోట ఒక్క మాట రాదు.